ఈనె ఆరేదాకా

మా నాయన మాలకొండయ్య
కందుకూరు పక్కన పలుకూరులో
పొగాకు బ్యారన్‌కి పొయ్యి మనిషి.

ఆకు ఎక్కించాక ఆరు రాత్రులు నిద్రపోకూడదు.
ఒక కునుకుకి ఆకు నల్లబడుద్ది,
రెండో కునుకుకి బ్యారనే అంటుకుంటది.
టీ పనిచెయ్యలా, బీడీ పనిచెయ్యలా.
పనిచేసింది
జిలానీ బంకులో రోజుకి పావలా అద్దె
డిటెక్టివ్ నవల.

ఆయనకి చదువు రాదు, నాది ఏడో తరగతి.
పొయ్యి నోటి వెలుగులో
నేను పేజీలు తిప్పేదాన్ని,
ఆయన మొద్దులు తోసేవాడు.

"ఆగు మే" అని లేచి
అద్దంలోంచి థర్మామీటర్ చూసొచ్చేవాడు.
"తొంభై ఐదు. పసుపు తిరుగుతా ఉంది.
ఊఁ, శవం దొరికిందా?"

శవం తొంభై ఐదుకే దొరకాల.
నూట ఇరవైకి అనుమానాలు,
నూట నలభైకి ఇంకో హత్య,
నూట అరవైకి
ఈనె పుటుక్కున విరిగే వేళకి
హంతకుడు.
కథ కట్టడం నాకు ఎవరూ నేర్పలా,
ఆ పాదరసం తప్ప.

ఒక రాత్రి
చివరి కాయితం లేదు.
ఎవుడో చుట్ట అంటించుకున్నట్టున్నాడు.
ఇంకా రెండు గంటల మంట ఉంది,
నాయన కళ్ళు మూతలు పడతన్నాయి.
ఉత్త అట్ట వైపు చూస్తా చదివేశాను:
"తలుపు తెరుచుకుంది. ఎదురుగా, ఎస్టేటు మేనేజరు!"

మొద్దు కింద పెట్టాడు నాయన.
"వాడెట్టా అవుతాడే?
ఆ రాత్రి వాడు కావలి పోయే రైల్లో ఉన్నాడని
మొన్న నువ్వేగా చదివింది?"

నేను రైలుని సింగరాయకొండలో ఆపాను.
సిగ్నల్ ఇవ్వలేదన్నాను.
వాడు చీకట్లో దిగి, లారీ ఎక్కి
వెనక్కొచ్చాడన్నాను.
నాయన చాలాసేపు నిప్పుల్లోకి చూసి,
"లారీ అయితే సరే" అన్నాడు.
తెల్లారింది.

తర్వాత ముప్పై రెండు నవలలు రాశాను,
మేజర్ ధనుంజయ్ అనే పేరుతో.
బెజవాడ నుంచి ముందు అట్టబొమ్మ వచ్చేది:
ఎర్ర చీర, పొగ కక్కే తుపాకీ.
ఆ తుపాకీ ఎందుకు పేలిందో
తొంభై ఆరు పేజీల్లో నేను చెప్పాల.
మూడొందలిచ్చేవాళ్ళు.
ఒకసారి నీలం చీర పంపి
మళ్ళీ ఎరుపు చేశారు, అప్పటికే
నా కథలో నీలం దారప్పోగు దొరికిపోయింది.

మేజరు గారికి ఉత్తరాలొచ్చేవి.
నెల్లూరు పెద్దాస్పత్రి నుంచి ఒకామె:
"మా ఆయన మంచం పక్కన మూడు రాత్రులు
మేలుకున్నాను సార్, మీ పుణ్యం."
ఆయన బతికాడో లేదో రాయలేదు.
హంతకుల్ని ఇంతమందిని పట్టుకున్నాను గానీ
ఆ ఒక్కటీ నాకు తెలియలా.

లైబ్రరీ వారోత్సవాల్లో లెక్చరరు గారు మైకు పట్టుకుని
అదంతా చెత్త అన్నారు.
ముందు వరసలో నేనే ఉన్నాను, చప్పట్లు కూడా కొట్టాను.
చెత్తే కావచ్చు.
ఆరు రాత్రుల మంటకి
గంధపు చెక్కలు ఎవరు తెస్తారు సామీ?
చిల్లకంపే వేస్తాం.

మొన్న, మా ఊరు జిల్లా మారిన కొత్తల్లో,
కందుకూరు బస్టాండులో
ఒక కుర్రాడు మిరపకాయ బజ్జీ తిని
నూనె కాయితం నలపబోయి ఆగాడు.
విప్పాడు.
నూనెకి అవతలి అక్షరాలు ఇవతలికి కనపడతన్నాయి,
అయినా వేలు పెట్టి చదువుతున్నాడు.
దూరం నుంచే గుర్తుపట్టాను, నూట పదకొండో పేజీ కాదు,
అంత పెద్ద పుస్తకం నేనెప్పుడూ రాయలా;
ముప్పై తొమ్మిది.
నూతిలో గడియారం దొరికే చోటు.

వెనక్కి తిప్పాడు. అయిపోయింది.
బండి దగ్గరికెళ్ళి అడిగాడు:
"అన్నా, ఇంకో నాలుగు కట్టు.
ఆ పుస్తకంలోదే చింపు,
దీని తర్వాతది."